యాభై అంగల గుర్తు

వంతెన దిగే ఆ రోడ్డు మీద ఒక మాట ఇప్పటికీ తిరుగుతూనే ఉంది. రోడ్డు మీద తెల్ల చారలు వేసేవాళ్లతో ఎర్ర జెండా పట్టుకునే పిల్ల ఒకతె వచ్చేదట. మొగుడు నడిరోడ్డు మీద వంగి పనిచేస్తుంటే, ఎండకి ఓర్చుకోలేక, నిలబడాల్సిన చోటు వదిలేసి మందుల షాపు నీడలోకి పోయి నిలబడిందట. సరిగ్గా అప్పుడే వ్యాను దూసుకొచ్చిందట.

"ఎవరో చెబితే విన్నది కాదు, నా కళ్లతో నేను చూశాను," అంటాడు జిరాక్స్ షాపాయన, కాగితాలు తిరగేస్తూ. "ఆ మేస్త్రికి భూమ్మీద నూకలున్నాయి కాబట్టి బతికాడు. పెళ్లాన్ని నమ్ముకుని ఉంటే అంతే సంగతులు."

ఒక షాపు నుంచి ఇంకో షాపుకి వెళ్లేసరికి ఆ మాటకి చిలవలు పలవలు పుట్టాయి. ఆమె ఫోన్లో నవ్వుతూ మాట్లాడుతోందని ఒకరన్నారు. మందుల షాపు మెట్ల మీద కునుకు తీస్తోందని ఇంకొకరన్నారు. జిరాక్స్ షాపాయన మాత్రం అబద్ధాలకోరు కాదు. ఆమె తన చోటు వదిలి వెళ్లడం ఆయన నిజంగానే చూశాడు.

ఆమెది నోట్లో నాలుక లేని తత్వం. పెళ్లయి వచ్చిన కొత్తలో ఆడపడుచు నాలుగు రోజులు ఓపిక పట్టి, ఐదో రోజు తమ్ముణ్ణి నిలదీసింది. "ఏరా, పెళ్లాన్ని తెచ్చుకున్నావా, పెళ్లాం ఫొటో తెచ్చుకున్నావా?" అప్పుడు కూడా ఆమె తల వంచుకుని నవ్విందే తప్ప మాట్లాడలేదు. మాట్లాడని మనిషి చూసేది ఎక్కువ. ఎవరి చెప్పు ఏ వైపు అరిగిందో, ఏ తలుపు ఎంత తెరిస్తే కిర్రుమంటుందో ఆమెకి తెలుసు.

ముగ్గురిదీ ఒకే పని. ఆడపడుచు బాయిలర్ చూసుకుంటుంది. చక్రాల బండి మీద పెద్ద ఇనప డ్రమ్ము, కింద గ్యాసు మంట, లోపల తెల్ల రంగు పాకంలా ఉడుకుతూ ఉంటుంది. ఆ మంట చేసే హోరులో పక్కనున్న మనిషి అరిచినా వినపడదు. ఉడికిన రంగుని ఆవిడ ఇనప పెట్టెలో పోస్తే, మేస్త్రి వంగి ఆ పెట్టెని సుద్ద గీత వెంబడి లాక్కుంటూ పోతాడు. పెట్టె కింది నుంచి చార పడుతుంది. పైన గాజుపూసల పొడి చల్లితే చీకట్లో మెరుస్తుంది. మొదలుపెట్టిన చార ఒక్క లాగుడులో అయిపోవాలి. మధ్యలో ఆగితే రంగు గడ్డకట్టి బొడిపె తేలుతుంది. తల ఎత్తితే చార వంకరపోతుంది. అందుకే ఆ ఇరవై ముప్పై క్షణాలు మేస్త్రి కళ్లు రోడ్డుకి, వీపు బండ్లకి.

ఆ వీపు ఆమె బాధ్యత. బండ్లు వచ్చే వైపు జెండా పట్టుకుని నిలబడేది ఆమే. మేస్త్రి పెట్టె మీదికి వంగే ముందు ఒక్కసారి ఆమె వైపు చూస్తాడు. జెండా నిటారుగా లేచి ఉంటే వంగుతాడు. లేకపోతే లేదు. పెళ్లయిన ఆరేళ్లలో ఆ ఇద్దరి మధ్యా ఎక్కువసార్లు జరిగిన సంభాషణ అదే.

జెండా పట్టుకునే ముందు ఆమెకి ఇంకో పని ఉంది. చార పడే చోటు ఇనప బ్రష్షుతో గీకి, చీపురుతో ఊడ్చాలి. రోడ్డుని అంత దగ్గరగా చూసేవాళ్లు ఇంకెవరుంటారు? నూనె మరకలు, పగిలిన అద్దాల పొడి, విరిగిన గాజు ముక్కలు. వాటితో పాటు టైర్లు గీసిన నల్లటి చారలు. గట్టిగా బ్రేకు పడిన చోట రోడ్డుకి అంటుకుపోయిన రబ్బరు అది. ఊడ్చుకుంటూ పోతూ ఆమె ఆ నల్ల చారల పొడవుని అంగలతో కొలిచేది. ఎక్కడ మొదలైంది, ఎక్కడ ఆగింది, ఎన్ని అంగలు.

ఈ అలవాటు పనిలో పుట్టింది కాదు. ఆమె పన్నెండేళ్లప్పుడు, మిల్లు నుంచి సైకిలు మీద వస్తున్న నాన్నని కారు గుద్దింది. బ్రేకు వేశాననీ, సైకిలే అడ్డం వచ్చిందనీ కారాయన అందరి ముందూ చెప్పాడు. మర్నాడు ఆమె ఒక్కతే ఆ చోటికి వెళ్లింది. నాన్న చెప్పు పడి ఉన్న చోటు దాటాక, తొమ్మిది అంగల అవతల మొదలైంది ఆ నల్ల చార. గుద్దిన తర్వాత గానీ కాలు బ్రేకు మీదికి రాలేదు. ఆ సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు. చెప్పినా వినేవాళ్లెవరు? నాన్న తుంటి విరిగి మంచాన పడ్డాడు, సైకిలు గోడకి చేరింది. ఆమెకి మాత్రం రోడ్డు కనిపిస్తే చాలు, కాళ్లు వాటంతట అవే కొలవడం మొదలుపెట్టేవి.

వంతెన దిగే రోడ్డు మీద పని మూడు రోజులు. ఆసుపత్రి గేటుకీ ఎదురుగా ఉన్న బస్టాపుకీ మధ్య జనం దాటడానికి చారలు వెయ్యాలి. అప్పటిదాకా అక్కడ దాటడమంటే పరుగే. రిపోర్టులు చంకలో పెట్టుకుని, ముసలివాళ్లని చెయ్యి పట్టి ఈడ్చుకుంటూ, సగం దూరం వచ్చి మళ్లీ వెనక్కి ఉరుకుతూ దాటేవాళ్లు. వంతెన మీద ఖాళీ దొరికిన బండ్లు కిందికి దిగేటప్పుడు కూడా అదే ఊపులో వచ్చేవి.

మొదటి రోజు ఊడుస్తూ ఆమె ఏడు నల్ల చారలు లెక్కపెట్టింది. అన్నింట్లోకీ చిన్నది ముప్పై ఒకటి. పొడుగుది డెబ్బై ఆరు.

ఊడవడం అయ్యేసరికి సూపర్‌వైజర్ వచ్చాడు. పనిచేసే చోటి నుంచి యాభై అంగలు కొలిచి, పసుపు రంగుతో రోడ్డు మీద పెద్ద ఇంటూ గుర్తు వేశాడు.

"ఇదిగో అమ్మా, నీ చోటు. దీని మీదే నిలబడాలి."

ఆమె వంతెన వైపు చెయ్యి చూపించింది. "ఇక్కడ చాలదు సార్. ఇంకా పైన..."

"ఇంకా పైన నిలబడితే ఫొటోలో పడవు. బాయిలరు, మేస్త్రి, జెండా, మూడూ ఒకే ఫొటోలో ఉండాలి. ఆఫీసుకి రోజూ పంపాలి నేను. నువ్వు పోయి వంతెనెక్కి నిలబడితే జెండా మనిషి లేకుండా పని చేయిస్తున్నానంటారు."

యాభై అంగలకి కారణం అదన్నమాట.

ఆ సాయంత్రం గదిలో, మేస్త్రి చేతులకి అంటిన రంగు కిరసనాయిలు గుడ్డతో తుడుచుకుంటుంటే ఆమె నేల మీద అగ్గిపుల్లలు పేర్చింది. ఒక్కో పుల్ల పది అంగలు.

"ఇక్కడ మీరు. ఇక్కడ నేను. పొడుగు చార ఇదీ." ఆ చార మేస్త్రిని దాటి ఇరవై ఆరు అంగలు పోయింది.

మేస్త్రి చివరి పుల్ల మీద వేలు పెట్టాడు. "అవి ఆగినవాళ్ల గుర్తులే. ఆగనివాళ్లకి గుర్తులుండవు."

"అందుకే భయం."

"మరెక్కడ నిలబడతావు?"

"మందుల షాపు. తొంభై ఐదు."

"అంత దూరం నుంచి నాకు జెండా కనిపిస్తుందా?"

"కనిపిస్తుంది. మీరు నిలబడి చూశారుగా మధ్యాహ్నం. మూడుసార్లు ఊపాను."

"నాకోసమా ఊపింది? ఎవరికోసమో అనుకున్నానే!"

పక్క గదిలోంచి ఆడపడుచు గొంతు వచ్చింది. "బాగుంది సంబడం. మందుల షాపుకి పెద్ద పందిరుంది, చల్లగా ఉంటుంది. నాకు బాయిలరు, నీకు నీడ. ఇంకో వారంలో కుర్చీ కూడా అడుగుతుంది మహారాణి."

రెండో రోజు ఆమె మందుల షాపు దగ్గరే నిలబడింది. అక్కడి నుంచి జెండా ఊపితే బండ్లు మెల్లగా, పనిచోటు చుట్టూ వరసగా పెట్టిన ప్లాస్టిక్ కోన్ల పక్కకి తప్పుకునేవి. ఒక్క గుడ్లాయన తప్ప. సైకిలు వెనక ఆరు అట్టల గుడ్లు కట్టుకుని వచ్చే ఆ పెద్దమనిషి, కోన్లు కనిపించగానే పండగ చేసుకుంటూ వాటి లోపలికి దూరేవాడు.

"బాబాయ్, అటు పోకూడదు. పని జరుగుతోంది," అందామె లోగొంతుకతో.

"ఊరుకో తల్లీ. ఈ రోడ్డు మీద ముప్పై ఏళ్ల నుంచి తొక్కుతున్నా, నాకంటూ దారి దొరికింది నిన్నా ఇవాళే. మీ ఆయన్ని ఇంకో ఏడాది మెల్లగా వెయ్యమను." కాస్త దూరం పోయి వెనక్కి తిరిగాడు. "ఒక్కసారైనా స్పీడుగా పోతున్నానని నన్ను ఆపమ్మా. మా ఆవిడ దగ్గర గొప్పగా చెప్పుకుంటా!"

మధ్యాహ్నం సూపర్‌వైజర్ ఫొటో తీసుకుని, అందులో జెండా లేదని చూసుకున్నాడు. అరికాలి మంట నెత్తికెక్కింది. అంత దూరం నడిచి వచ్చి మరీ తిట్టాడు. "రేపు కూడా నీడ వెతుక్కున్నావా, ఎల్లుండి నుంచి నువ్వు రానక్కర్లేదు. జెండా పట్టుకోవడానికి మనుషులు కరువా?"

ఆ మాటకి ఆమెకి భయం వేసింది. పని పోతుందని కాదు. తను పోతే వచ్చే మనిషి బుద్ధిగా పసుపు గుర్తు మీద నిలబడతాడని.

మూడో రోజు పొద్దున్నే సూపర్‌వైజర్ కాపు కాశాడు. ఆమె ఇంటూ గుర్తు మీద నిలబడింది. ఫొటో తీసుకున్నాడు, ఇంకోటి తీసుకున్నాడు. వెళ్తూ వెళ్తూ, "గంటలో వస్తా. ఇక్కడే కనపడాలి," అని మోటారు సైకిలెక్కి, చూస్తుండగానే మలుపులో మాయమయ్యాడు. ఆయనకీ తొందరే.

ఇంకా నాలుగు చారలు మిగిలాయి. ఆమె జెండా ఎత్తింది. మేస్త్రి చూశాడు. దగ్గరగా ఉండేసరికి అతని కనుబొమలు ముడిపడడం కూడా ఆమెకి కనిపించింది. అయినా వంగాడు.

ఆ చార సగంలో ఉండగా ఎర్ర కారొకటి వంతెన దిగింది. ఆమె ఈల వేసింది, జెండా ఊపింది. కారు ఆమెని దాటిపోయాక గానీ బ్రేకు పడలేదు. ఆమె మెడ తిప్పేలోపే మొదటి కోను పడింది, రెండోది పడింది, మూడోదానికి ముక్కు ఆనించి కారు ఆగింది. లోపల కూర్చున్నావిడ గట్టిగా హారను కొట్టింది. బాయిలరు హోరులో అది కూడా మేస్త్రికి వినపడలేదు. వంగిన వీపు వంగినట్టే ఉంది. పెట్టె జరుగుతూనే ఉంది.

కారు వెనక్కి జరిగి, పక్క నుంచి తప్పుకుని పోయింది. రెండో చారకి మేస్త్రి తన వైపు చూసినప్పుడు ఆమె జెండా ఎత్తలేదు. చెయ్యి లేవలేదు. మేస్త్రి పెట్టె పట్టుకుని అలాగే నిలబడ్డాడు.

"ఏమైందిరా? రంగు గడ్డకడుతోంది!" ఆడపడుచు మంట తగ్గించి, గరిటె ఆడిస్తూ అరిచింది. "ఏమ్మా మరదలా, చెయ్యి నొప్పా?"

ఆమె పసుపు గుర్తు వైపు చూసింది. ఆపైన మందుల షాపు వైపు. జెండా చంకలో పెట్టుకుని నడక మొదలుపెట్టింది. నలభై ఐదు అంగలు. ఎదురు షాపు మెట్ల మీద జిరాక్స్ షాపాయన పళ్లు కుట్టుకుంటూ నిలబడి ఉన్నాడు. ఆయన చూసింది ఇదే. ఎర్రటి ఎండలో ఒక పిల్ల పని మధ్యలో వదిలేసి నీడలోకి పోవడం.

పందిరి చివర నిలబడి వెనక్కి తిరిగి జెండా ఎత్తింది. దూరంగా, అరచేయంత మనిషిగా కనపడుతున్న మేస్త్రి తల ఊపి వంగాడు. ఒక చార. అది అయ్యాక ఇంకో చార. మిగిలింది ఒక్కటే.

"తల్లీ, ఇవాళ్టితో ఆఖరా?" గుడ్లాయన ఆమె పక్కన సైకిలు ఆపాడు.

"ఆఖరు బాబాయ్."

"హతోస్మి. రేపట్నుంచి మళ్లీ కాలవ అంచునే నా బతుకు." బెల్లు కొట్టుకుంటూ కోన్ల లోపలికి పోయాడు. గుడ్లు కదా, నడిచే మనిషికంటే కాస్త జోరు, అంతే.

ఆమె ఆఖరి చారకి జెండా ఎత్తింది. మేస్త్రి వంగాడు. పెట్టె కదిలింది.

వంతెన మీద బస్సు కనిపించింది. దాని వెనక నుంచి తెల్ల వ్యాను పక్కకి వచ్చింది. బస్సుని దాటింది. దాటాక మెల్లబడుతుందని ఆమె చూసింది. మెల్లబడలేదు. వాలు మీద ఇంకా ఊపందుకుంది. తిన్నగా కోన్లు పెట్టిన వైపే వస్తోంది. ఆమె ఈల వేసింది. జెండా ఊపింది. వ్యాను అద్దం వెనక డ్రైవరు తల కిందికి వంగి ఉంది, ఒళ్లో ఏదో చూసుకుంటున్నట్టు.

ఆమె పందిరి కింద నుంచి రోడ్డు మీదికి దిగింది. ఒక అంగ. రెండు. జెండా గుడ్డని రెండు చేతులా పట్టి వెడల్పుగా చాచింది. పళ్ల మధ్య ఈల. ఊపిరంతా అందులోకే. ఆరేళ్లుగా ఎవరి మీదా ఎత్తని గొంతు ఆ ఈలలోంచి వచ్చింది.

తల లేచింది.

అప్పుడు వచ్చిన చప్పుడు రోడ్డు చివరిదాకా వినపడింది. ఆమె పక్కకి దూకింది. వేడిగాలి, మాడు రబ్బరు కంపు, మోచేతికి తగలబోయి తప్పిన అద్దం. వ్యాను ఆమెని దాటింది. ఇంకా పోతోంది. ఎంతకీ ఆగదేం? కోన్లు ఎగిరాయి. గుడ్లాయన వెనక్కి చూసి, హ్యాండిలు తిప్పి, సైకిలుతో సహా ఫుట్‌పాత్ మీద పడ్డాడు. వ్యాను ఇంకా పోతోంది. అటు చివర వంగిన వీపు. బాయిలరు పక్కన ఆడపడుచు, గాల్లో ఆగిపోయిన గరిటె. ఆమె కళ్లు మూసుకోలేదు. మూసుకోవాలనుకుంది, మూతపడలేదు.

చప్పుడు ఆగింది.

మేస్త్రి చార పూర్తి చేసి, నడుం పట్టుకుని లేచి, వెనక్కి తిరిగి చూశాడు. ఐదంగల దూరంలో వ్యాను ముఖం. వేడి తగ్గని చార పక్కనే చతికిలబడ్డాడు.

జనం చేరారు. కుర్ర డ్రైవరు కిందికి దిగి, "బ్రేకు వేశాను కదా, ఆగింది కదా," అని కనపడినవాళ్లందరికీ చెబుతున్నాడు. గుడ్లాయన మోకాలు చెక్కుకుపోయింది. చొక్కా నిండా పచ్చసొన. "నేను బాగానే ఉన్నా. నూట ఎనభై గుడ్లు పోయాయి, నాది మిగిలింది," అని తన బుర్ర తట్టి చూపించాడు. నవ్వబోయి ఏడ్చేశాడు.

సూపర్‌వైజర్ వచ్చేసరికి జిరాక్స్ షాపాయన మెట్లు దిగి ఉన్నాడు. "మీ జెండా అమ్మాయి ఇక్కడ లేదండీ. ఈ గుర్తు మీంచి నడుచుకుంటూ అదిగో, ఆ నీడలోకి పోయింది. నేను చూశా."

అందరూ ఆమె వైపు చూశారు. జెండా ఇంకా ఆమె చేతిలోనే ఉంది.

"చెప్పానా లేదా?" అన్నాడు సూపర్‌వైజర్. "ఇటివ్వు జెండా. రేపటి నుంచి వేరే మనిషి వస్తాడు."

ఆమె ఇచ్చేసింది. ఆడపడుచు గరిటెని డ్రమ్ములో వేసి, చేతులు కొంగుకి తుడుచుకుంటూ ముందుకి వచ్చింది. ఈసారి మరదలికి నాలుగు తగులుతాయనే అందరూ అనుకున్నారు.

"ఎవరిని తెచ్చుకుంటారో తెచ్చుకోండి సార్," అంది. "వచ్చేవాడు ఇది ఎక్కడ చెబితే అక్కడ నిలబడాలి. కాదన్నారా, గ్యాసు వెలగదు. మా తమ్ముడు వంగడు."

"బెదిరిస్తున్నావా?"

"మీరు ఫొటో తీసుకోండి సార్. మాకు ఇంకా ఊడ్చే పనుంది."

మర్నాటి నుంచి జెండా వేరే మనిషి చేతికి పోయింది, చీపురు మాత్రం ఆమెకే మిగిలింది. కొత్త రోడ్డు మీదికి వెళ్లినప్పుడల్లా ముందు ఆమె ఊడుస్తుంది, తర్వాత చెయ్యి చాచి చోటు చూపిస్తుంది. ఆ మనిషి విసుక్కుంటూనే వెళ్లి నిలబడతాడు. ఆమెని పనిలోంచి తీసేశారని మాత్రం వంతెన దిగే రోడ్డు మీద కథలో చేరిపోయింది.

ఆరోజు జనం చెదిరిపోయాక ఆమె చీపురు తీసుకుంది. గుడ్డు పెంకులు, పగిలిన కోను ముక్కలు ఊడ్చుకుంటూ వెళ్లింది. కాళ్లు వాటంతట అవే కొలిచాయి. కొత్త నల్ల చార మందుల షాపు దాటాక ఎనిమిది అంగలకి మొదలైంది. పొడవు ఎనభై రెండు. దాని చివరి నుంచి మేస్త్రి వంగిన చోటికి ఐదు. సూపర్‌వైజర్ వేసిన పసుపు గుర్తు మీదుగా, దాని రెండు గీతలు కలిసే చోటు మీదుగా, ఆ చార నల్లగా సాగిపోయింది.